గుట్టమీది దొనలు

ఎలగందుల కోటను చూడబోయేవారు సాధారణంగా రెండు గంటల్లో దిగివస్తారు. కరీంనగర్ నుంచి కామారెడ్డి వెళ్ళే దారిలో, మానేరు ఒడ్డున ఉన్న ఈ కోటను కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు ఒకరి తరువాత ఒకరు ఏలారు. 1905 వరకు జిల్లా కేంద్రం ఇదే. 1754లో జఫరుద్దౌలా కట్టించిన ఆలమ్‌గీర్ మసీదు మినార్లు ఊపితే కదులుతాయని ప్రతీతి. ఇవి పాఠకులు ఎరిగిన సంగతులే. మేము చెప్పదలచినది కోటను గురించి కాదు, గుట్టలమీద నిలిచే నీటిని గురించి.

వానలు వెనుకబట్టి సీతాఫలాలు కళ్ళు విచ్చే రోజులవి. మదరసాలో పరీక్షలు ముగిసి సెలవులు వచ్చాయి. కోటగుట్టతో మొదలుపెట్టి చుట్టుపక్కల మరి మూడు గుట్టలు ఒక్క పగటిలో నడవాలని సంకల్పించాము. మేమంటే ఒక్కరమే. యాభై దాటినవారితో గుట్టలెక్కడానికి తోడు వచ్చే మౌల్వీలు అరుదు. రాత్రివేళ ఒంటరి ప్రయాణాన్ని దైవప్రవక్త (స) వారించిన సంగతి తెలిసినదే. అందుచేత ఏ గుట్టనుంచి ఏ గుట్టకు పోతామో కాగితంమీద గీసి ఇంట్లో ఇచ్చి, మగ్రిబ్‌లోగా రోడ్డు చేరుతామని మాట ఇచ్చి, ఫజ్ర్ కాగానే బయలుదేరాము. మూడు లీటర్ల నీళ్ళు, నాలుగు రొట్టెలు, ఒక చేతికర్ర మా సామాను. కర్ర ముఖ్యంగా ఎలుగుబంట్ల కోసం. ఈ బండల సందుల్లో అవి పగటిపూట పడుకుంటాయి. మనిషి అలికిడి దూరంనుంచే వినిపిస్తే తప్పుకుంటాయి. దగ్గరకు వచ్చేదాకా వినిపించకపోతే బెదిరి మీదపడతాయి. కనుక రాళ్ళను తట్టుకుంటూ నడిచాము.

కోటగుట్ట దిగి రెండవ గుట్ట ఎక్కేసరికి తొలి దొన కనిపించింది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేవారికి ఆదిలాబాద్ కొండలు అడవి కప్పుకొని కనిపిస్తాయి. అక్కడ వాన మట్టిలో ఇంకి వాగులై దిగుతుంది. కరీంనగర్ గుట్టలకు అంత మట్టి లేదు. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్. బండమీద చిన్న పల్లం ఉంటే చాలు, అందులో వాననీరు నిలుస్తుంది. ఆ నీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను మెల్లమెల్లగా మెత్తని బంకమట్టిగా మారుస్తుంది, మట్టిని గాలీ వరదా ఊడ్చుకుపోతాయి, పల్లం లోతవుతుంది. దొన తనను తాను తవ్వుకుంటుందన్నమాట. నిండిన దొన పొర్లి కిందిదానిలోకి, అది బండ చీలికల గుండా గుట్ట అడుగున ఉన్న కుంటలోకి జారుతుంది. కుంట నిండితే చెరువు. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులకు పై కొస ఎక్కడో వెదకనవసరం లేదు.

జుహర్ వేళకు మూడవ గుట్టమీద ఉన్నాము. దొన ఒడ్డున మేకల గిట్టల గుర్తులు. నీళ్ళు తగినంత లేనప్పుడు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ధూళి లేని శుభ్రమైన బండమీద కూడా తయమ్ముమ్ చెల్లుతుంది. కాని ఎదుట నీళ్ళుండగా ఆ సడలింపు మనది కాదు. మేక తాగిన నీరు పరిశుద్ధమే, ఎలుగు వంటి క్రూరమృగం మూతి పెట్టిన కొద్దిపాటి నీరు కాదు. నిలిచిన నీరు పదిమూరల పొడవు, పదిమూరల వెడల్పు ఉంటే, రంగు, రుచి, వాసన మారనంతవరకు దానిని ప్రవహించే నీటితో సమానంగా లెక్కిస్తారు. ఈ 'దహ్ దర్ దహ్' పాఠాన్ని ఎన్నో ఏళ్ళుగా నల్లబల్లమీద గీస్తున్నాము. ఆ రోజు మూరతో కొలిచాము. పన్నెండుకు పదకొండు. వుజూ చేసి, పడమటివైపు తిరిగి, వెచ్చని బండమీద నమాజు చేశాము. అంత నిశ్శబ్దంలో చేసిన నమాజులు మా జీవితంలో ఎక్కువ లేవు.

నాలుగవది సగం గుట్టే. మిగతా సగం మెట్లుమెట్లుగా కోయబడి ఉంది. కరీంనగర్ గ్రానైట్ టాన్ బ్రౌన్ అన్న పేరుతో చైనాతో సహా పలు దేశాలకు పోతుంది. మా విద్యార్థుల తండ్రులు కొందరు ఈ పనిమీదనే ఇల్లు నడుపుతున్నారు, కనుక రాయి అమ్మడమే నేరమని మేము అనము. కాని సీనరేజీ రాతికి కట్టించుకుంటారు. ఆ రాతిమీద నిలిచిన నీటికి ఏ పద్దులోనూ వెల లేదు.

కోసిన చోట పెద్ద గొయ్యి, దానినిండా పచ్చని నీళ్ళు. దహ్ దర్ దహ్‌కు ఎన్నో రెట్లు. అయితే నాలుగువైపులా నిట్టనిలువు గోడలే.

మేకలు కాస్తున్న పెద్దాయన ఒకరు కనిపించారు.

"పెద్దయ్యా, మేకలు దీంట్లో తాగవా?"

"ఎట్ల తాగుతయి సాబ్, దిగితే మల్ల ఎక్కుతయా? ముందుగాల గీడ మూడు దొనలుంటుండె. ఎండకాలం దాక నీళ్ళుంటుండె. ఇప్పుడు కిందికి కుంటకు కొట్టుకపోతున్న. కుంట గూడ సంకురాత్రికే ఎండుతది."

"ఆ మూడూ ఎక్కడుండేవి?"

ఆయన కర్ర ఎత్తి, గొయ్యిమీది ఖాళీ గాలిలో మూడు చోట్ల చూపించాడు.

అస్ర్ వుజూకు సీసాలో మిగిలిన నీళ్ళు వాడాము. ఆయన మందను కుంటవైపు మళ్ళించాడు, మేము రోడ్డువైపు దిగాము. మగ్రిబ్‌కు ఇంకా చాలా సమయం ఉంది.