తప్పు చేయని డ్రైవర్

2008 సెప్టెంబరులో, లినక్స్ 2.6.27 కెర్నెల్‌ను విడుదలకు ముందే పరీక్షిస్తున్న కొందరికి ఉన్నట్టుండి నెట్‌వర్క్ పోయింది. రీబూట్ చేశారు, పాత కెర్నెల్‌కు వెళ్లారు. ఫలితం లేదు. సాఫ్ట్‌వేర్ మార్చినా తిరిగిరాని చోట దెబ్బ తగిలింది.

ఆ కంప్యూటర్లన్నిటిలో ఉన్నవి ఇంటెల్ గిగాబిట్ ఈథర్నెట్ చిప్‌లు, వాటిని నడిపే డ్రైవర్ ఈ1000ఈ. చిప్‌కు సంబంధించిన మ్యాక్ అడ్రస్, సెట్టింగులు కరెంటు పోయినా చెరగని చిన్న ఫ్లాష్ మెమరీలో ఉంటాయి. అవే చెడిపోయాయి. ఇక ఆ చిప్ తానెవరో చెప్పుకోలేదు. ముందే ఆ మెమరీకి నకలు తీసి పెట్టుకున్నవారికి దాన్ని మళ్లీ రాసుకునే దారి ఉంది. లేనివారి కష్టం చెప్పనక్కర్లేదు.

అనుమానం మొదట డ్రైవర్ మీదికే పోయింది, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికీ వెళ్లింది. అసలు కారణం నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేని ఎఫ్‌ట్రేస్‌లో దొరికింది. అది కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో గమనించే కొత్త సాధనం. దాన్ని రాసిన స్టీవెన్ రోస్టెట్ ఈ తప్పు మూలాన్ని వివరంగా బయటపెట్టారు.

నడిచిన ఫంక్షన్ల చిరునామాలను ఎఫ్‌ట్రేస్ రాసిపెట్టుకుని, కాసేపటికి అక్కడి కోడ్‌ను మార్చేది. కానీ మాడ్యూళ్లు మొదలయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే ఫంక్షన్ల చోటును కెర్నెల్ వెంటనే ఖాళీ చేస్తుంది. ఆ చిరునామాలే తర్వాత ఈథర్నెట్ చిప్ ఫ్లాష్‌ను అందుకునే దారిగా డ్రైవర్‌కు దక్కాయి. ఖాళీ చేసిన ఇంట్లో కొత్తవాళ్లు దిగాక కూడా పాత అద్దెదారు కోసం వచ్చినట్టు, ఎఫ్‌ట్రేస్ అక్కడికే వెళ్లింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇక్కడే. ఎఫ్‌ట్రేస్ గుడ్డిగా రాయలేదు. అక్కడ తాను అనుకున్న కోడ్ ఉందో లేదో పోల్చి, ఉంటేనే మార్చే ఆదేశాన్ని వాడింది. అయితే ప్రాసెసర్ ఆ ఆదేశాన్ని అమలుచేసేటప్పుడు, పోలిక కుదరకపోయినా చదివిన విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు. పరికరానికి తగిలించిన చిరునామాలో మాత్రం ప్రతి రాతా ఒక ఆజ్ఞే. ఆ జాగ్రత్తే చిప్ పాలిట ముప్పయింది.

కారణం తేలేలోపు, పరీక్ష విడుదలల నుంచి ఆ డ్రైవర్‌ను తప్పించారు. అక్టోబరులో వచ్చిన 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ భాగాన్ని ఆపేశారు. 2.6.28 నాటికి చిరునామాల జాబితాను కెర్నెల్ కంపైల్ చేసేటప్పుడే తయారుచేసే పద్ధతి వచ్చింది.

డ్రైవర్ మొదలవగానే ఫ్లాష్‌కు రాతతాళం వేసే మార్పును ఇంటెల్ ఇంజనీర్లు తెచ్చారు. తప్పు తమ డ్రైవర్‌ది కాదని తేలాక కూడా దాన్ని తీసేయలేదు. సరైన పని చేశారు. చిప్‌ను ఫ్లాష్‌లోకి రాతలు రానిచ్చేలా తయారుచేసింది వాళ్లే కదా. ఆ తాళం వద్దనుకునేవారికి ఒక సెట్టింగు ఉంది. ఫ్లాష్ చెడిపోవచ్చన్న హెచ్చరిక దాని పక్కనే ఉంటుంది.