గెలుపోటములు లెక్కకు రాని ఆట

ఎన్నికల రుతువు వచ్చిందంటే ఢిల్లీలో అధిష్ఠాన వర్గాల వాకిళ్లు టిక్కెట్లు కోరేవారితో నిండిపోవడం మూడు దశాబ్దాలుగా నేను చూస్తున్న దృశ్యమే. ఎవరిని ఎందుకు ఎంపిక చేశారో, ఎవరిని ఎందుకు తోసిపుచ్చారో చెప్పే ఆచారం మన రాజకీయ పక్షాలకు లేదు. టిక్కెట్టు దక్కని నాయకుడు ఐదేళ్లు ఓపిక పడతాడు, లేదా పార్టీ మారతాడు. పదహారేళ్ల ఆటగాడికి ఈ రెండు సౌకర్యాలూ లేవు. ఐదేళ్లు ఆగితే వయస్సు దాటిపోతుంది. మారడానికి మరో పార్టీ ఉండదు. అందుచేత క్రీడల్లో ఎంపిక అనేది రాజకీయాలలోని ఎంపిక కంటే ఎక్కువ బాధ్యతతో జరగవలసిన పని.

సీజనుకు ముందు జరిగే ట్రయల్ మ్యాచ్ నిజానికి ఒక విచిత్రమైన ఆట. అందులో గెలిచిన జట్టుకు ఒరిగేదీ లేదు, ఓడిన జట్టుకు తరిగేదీ లేదు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ క్లబ్బులు మార్చిలో అసలు పోటీలు మొదలయ్యేలోగా ఫిబ్రవరిలో ఇటువంటి ఆటలు ఆడతాయి. పేరుమోసినవారు కాసేపు ఆడి తప్పుకుంటారు. ఆ తరువాత కుర్రవాళ్లు దిగుతారు. ఎదుటివాడు బంతితో మీదికి దూసుకువస్తుంటే ఆ కుర్రవాడు నిలబడతాడా, వెనుకడుగు వేస్తాడా, కిందపడ్డవాడు ఎంత త్వరగా లేచి తన వరుసలోకి వస్తాడు అన్నదే శిక్షకులు చూస్తారు. మన దేశంలో ఆ ఆటకు ఆదరణ లేదు గాని, ఆ పరీక్ష మనకు కొత్తది కాదు. ఛత్తీస్‌గఢ్ హాకీ మైదానాలలో జరిగేదీ అటువంటి పరీక్షే.

రాయపూర్ తెలుగువారికి దూరపు ఊరేమీ కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలుమార్గం అక్కడికి చేరుతుంది. రైల్వే కొలువుల వెంట వెళ్లి అక్కడే స్థిరపడిన మన కుటుంబాలు ఆ నగరంలో తక్కువేమీ కాదు. హాకీ కూడా ఆ ప్రాంతానికి పరాయిది కాదు. పొరుగున ఉన్న రాజనందగావ్ ఆ ఆటకు పెట్టింది పేరు. భారత మహిళా జట్టుకు నాయకత్వం వహించిన సబా అంజుమ్ దుర్గ్ ఆడపడుచు. 2015 డిసెంబరు 6న రాయపూర్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ స్టేడియంలో జరిగిన ప్రపంచ హాకీ లీగ్ ఫైనల్ పోటీలలో భారత జట్టు నెదర్లాండ్స్‌తో 5-5గా సమంగా నిలిచి, షూటౌట్‌లో 3-2తో నెగ్గి కాంస్య పతకం సంపాదించింది. 1982 తరువాత ఆ స్థాయి ప్రపంచ పోటీలలో మనకు దక్కిన మొదటి పతకం అదే.

ఇటీవల పనిమీద రాయపూర్ వెళ్లినప్పుడు ఒక మైదానంలో జూనియర్ల ఎంపిక ఆట జరుగుతుంటే గట్టుమీద కూర్చుని చూశాను. నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరయినవారు, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వెళ్లినవారు. ఒక పొడగరి కుర్రవాడు రెండు గోల్స్ కొట్టగా నేను చప్పట్లు చరిచాను. ఆయన నవ్వి, "మీరు బంతిని చూస్తున్నారు బాబూ. బంతి లేనివాణ్ణి చూడండి" అన్నారు.

అప్పటినుంచి పద్నాలుగో నంబరు చొక్కా వేసుకున్న ఒక బక్కపలచని కుర్రవాణ్ణి గమనించాను. బంతి తనను చేరకముందే అతడు తలతిప్పి వెనుక ఎవరున్నారో చూసుకుంటున్నాడు. ఒకసారి అతని స్టిక్కు మీదినుంచి బంతి జారిపోయింది. నిలబడి నొచ్చుకోకుండా సగం మైదానం వెనక్కి పరుగెత్తి, తన గోలు ముందు ఆ బంతిని మళ్లీ అడ్డుకున్నాడు. స్కోరు పుస్తకంలో ఇది ఎక్కదు. గోలు కొట్టినవాడి పేరు ఎక్కుతుంది గాని, గోలు కాకుండా ఆపినవాడి పేరు ఎక్కదు. మట్టి నేలమీద ఆట నేర్చినవాడికి నీలిరంగు టర్ఫ్ మీద బంతి జారే వేగం అలవాటు కావడానికే కొంత సమయం పడుతుంది. అతనికి దొరికినది పావుగంట.

సాయంత్రం జాబితా చదివారు. పొడగరి పేరు ఉంది, పద్నాలుగో నంబరు పేరు లేదు. సెలక్టర్లు పొరబడ్డారని నేననను. వారికి నాకంటే ఎక్కువ తెలుసు. కాని కారణమేమిటో ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. అతడూ అడగలేదు. స్టిక్కును గుడ్డసంచిలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

ఎంపికలో కంటిని మోసగించేవి అనేకం ఉన్నాయి. వాటిలో మొదటిది దేహం. వయోపరిమితిని జనవరి 1 నుంచి లెక్కకట్టే చోట, ఆ నెలలో పుట్టినవాడూ అదే సంవత్సరం డిసెంబరులో పుట్టినవాడూ ఒకే తరగతిలో నిలబడతారు. కౌమారంలో పదకొండు నెలలంటే ఎత్తులో, బలంలో కొట్టవచ్చినట్టు కనిపించే తేడా. కెనడాలో మంచు హాకీ జూనియర్ జట్లను పరిశీలించినవారు సంవత్సరారంభపు నెలల్లో పుట్టినవారే వాటిలో అధికంగా ఉన్నారని 1985లోనే బయటపెట్టారు. ప్రతిభ పంచాంగం చూసుకుని పుట్టదు కదా! ముందు పుట్టినవాడి కండను సెలక్టరు నైపుణ్యమని భ్రమపడుతున్నాడన్నమాట.

రెండవది జేబు. రగ్బీ లీగ్ పుట్టిందే ఈ పేచీ మీద. ఉత్తర ఇంగ్లండులోని గనులలో, మిల్లులలో పనిచేసే ఆటగాళ్లు ఆట కోసం పని మానితే కూలి పోయేది. ఆ నష్టాన్ని పూరించడానికి రగ్బీ పెద్దలు ససేమిరా అన్నారు. తత్ఫలితంగా 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుకుంపటి పెట్టుకున్నాయి. నూటముప్పయి ఏళ్లు గడిచాయి. బస్తర్ నుంచో సర్గుజా నుంచో కొడుకును వెంటబెట్టుకుని ట్రయల్‌కు వచ్చే తండ్రి పోగొట్టుకునే రోజుకూలి ఎవరి ఖాతాలో పడుతుందన్న ప్రశ్నకు మనమింకా సమాధానం చెప్పుకోలేదు.

కంటికి ఆనని ప్రతిభను కనిపెట్టడం అసాధ్యమేమీ కాదు. ఇందుకు ఛత్తీస్‌గఢ్ చరిత్రలోనే నిదర్శనం ఉంది. శ్రీ లెస్లీ క్లాడియస్ 1927లో బిలాస్‌పూర్‌లో జన్మించారు. యౌవనంలో ఆయన మోజు ఫుట్‌బాల్ మీద. 1946లో బెంగాల్ నాగపూర్ రైల్వే హాకీ జట్లు రెండు తమలో తాము సాధనకు ఆడుకుంటుండగా ఆయన ప్రేక్షకుడుగా నిలబడ్డారు. ఒక జట్టుకు ఒక మనిషి తక్కువైతే, 1932 ఒలింపిక్స్‌లో ఆడిన శ్రీ డికీ కార్ ఆయనను లోపలికి పిలిచారు. ఆ పిలుపే మలుపు. 1948, 1952, 1956 సంవత్సరాలలో స్వర్ణం, 1960లో నాయకుడుగా రజతం, వెరసి నాలుగు ఒలింపిక్ పతకాలు శ్రీ క్లాడియస్ గడించారు. ఆనాడు జట్టు నిండుగా ఉండి ఉంటే ఏమై ఉండేది? ఒక జాతి క్రీడాభాగ్యం ఇటువంటి యాదృచ్ఛికాల మీద ఆధారపడవచ్చునా?

మరొక ఉదాహరణ మన ఇంటిదే. నిజామాబాద్ బాక్సర్ కుమారి నిఖత్ జరీన్ 2019లో కోరినది పతకం కాదు, ఒక ట్రయల్. ప్రపంచ పోటీలకు ట్రయల్ లేకుండానే శ్రీమతి మేరీ కోమ్‌ను ఎంపిక చేసిన నేపథ్యంలో, ఒలింపిక్ అర్హత పోటీలకైనా పరీక్ష జరపాలని ఆమె కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాశారు. చివరకు డిసెంబరు 28న ఢిల్లీలో బరి సిద్ధమయింది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయారు. లేఖ రాసి సాధించినదేమిటని నవ్వినవారూ లేకపోలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ విజేత అయ్యారు. దీనినుంచి గ్రహించవలసినవి రెండు. ట్రయల్ అడగడం ధిక్కారం కాదు. ఒక ట్రయల్‌లో ఓడినవారు పనికిరానివారూ కారు.

ఇక పార్లమెంటు సంగతి. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో క్రీడలు నాటకాలు, సినిమాలు, వినోదాలతో కలిసి 33వ పద్దులో ఉన్నాయి. అయినా దేశస్థాయి సంఘాలను దారిలో పెట్టడానికి కేంద్రం తెచ్చిన జాతీయ క్రీడా పరిపాలన బిల్లును 2025 ఆగస్టు 11న లోక్‌సభ, మరునాడు రాజ్యసభ ఆమోదించాయి. వేరే వివాదం మీద సభలు అట్టుడుకుతున్న రోజులవి. బిల్లు మీద జరగవలసినంత చర్చ జరగలేదు. చట్టంలో మంచి లేకపోలేదు. జాతీయ క్రీడా బోర్డు, వివాదాల పరిష్కారానికి ట్రిబ్యునల్, సంఘాలలో క్రీడాకారులకూ మహిళలకూ స్థానం అందులో ఉన్నాయి. కాని ట్రిబ్యునల్ మెట్లెక్కేవాడికి వకీలు కావాలి, వ్యవధి కావాలి, అన్నిటికంటే ముందు తనకు జరిగినది అన్యాయమో కాదో తెలియాలి. కారణం చెప్పకుండా ఇంటికి పంపినవాడు దేనిమీద ఫిర్యాదు చేస్తాడు?

ఇందుకు కోట్ల రూపాయల పథకాలు అక్కరలేదు. ఒక్కపూట ఆటతో తేల్చకుండా, వేర్వేరు రోజులలో కనీసం రెండుసార్లు చూడాలి. గోల్స్ కాక మరి వేటిని గమనిస్తారో ముందుగా ప్రకటించాలి. పుట్టిన నెలను సెలక్టరు కాగితం మీద పేరు పక్కనే రాయాలి. వచ్చినవారికి దారిఖర్చు, వెంట వచ్చిన తండ్రికి రోజుకూలి ఇవ్వాలి. ఎంపిక కానివాడికి ఏమి లోపించిందో రెండు వాక్యాలలో రాసి ఇవ్వాలి. బడిలో లెక్కలు తప్పినవాడికి కూడా ఎక్కడ తప్పాడో ఎర్రసిరాతో గుర్తుపెట్టి ఇస్తాము. ఆ రెండు వాక్యాలు చేతిలో ఉంటే పద్నాలుగో నంబరు కుర్రవాడు వచ్చే ఏడాది ఏమి నేర్చుకుని రావాలో తెలిసి రాగలడు. అవి లేవు గనుక, అసలు తిరిగి వస్తాడన్న నమ్మకమైనా లేదు.