ఆడటం వేరు, ఆట తయారుచేయడం వేరు

మన కాలేజీలో డిగ్రీ ముగించి, ఏడేళ్ళుగా బెంగుళూరులో బ్యాంకు లెక్కల సాఫ్ట్‌వేరును టెస్టు చేసే ఉద్యోగంలో ఉన్నాను. వీడియో గేములు తయారుచేసే పనికి మారదామనిపించి, కదిరికి వచ్చి నాన్నతో చెప్పాను. "ఆడుకునేదానికి జీతమెవరిస్తారప్పా?" అన్నాడాయన. ఇంటి అప్పు ఇంకా తీరలేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

జీతమిచ్చేవారు లేకపోలేదు. బెంగుళూరులో 1997లోనే ధ్రువ ఇంటరాక్టివ్ వెలిసింది. 2019లో దాన్ని రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. కష్టమూ ఉంది. పుణెలో తయారైన 'రాజి' ఆటకు 2017లో ప్రజల నుంచి డబ్బు కోరితే చాలినంత రాలేదు. 2020లో గాని అది విడుదల కాలేదు.

అందుకే రాజీనామాకు ముందు నన్ను నేనే పరీక్షించుకున్నాను. చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసి ఆడిన పులి-మేకను, మూడు పులులు పదిహేను మేకలతో, ఉచితంగా దొరికే గోడో సాఫ్ట్‌వేరులో ఫోనుకు తయారుచేశాను. నియమాలు వారంలో కుదిరాయి. కంప్యూటరు చేత పులిని ఆడించడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. పులి మరీ తెలివైనదైతే పిల్లలు విసుక్కుంటారు, మరీ మొద్దయితే నవ్వుతారు. ఆ నడిమి కొలత కోసం మేల్కొన్న రాత్రులు నాకు బరువనిపించలేదు. మా అక్క కొడుకు నాలుగోసారి ఓడి, "ఇంకొక్క ఆట మామా" అన్నాడు.

మారడానికే నిశ్చయించుకున్నాను. అయితే వెనుక గడి ఖాళీగా ఉన్న మేకనే పులి దూకి చంపుతుంది. కొత్త ఆర్డరు చేతికందాకే పాత ఉద్యోగం వదులుతాను.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఆడే మోజు చూసి నిర్ణయించుకోకండి. ఒక చిన్న ఆటను చివరిదాకా పూర్తిచేయండి. జవాబు అక్కడే దొరుకుతుంది.