కోబాల్ట్ కరవులో పుట్టిన అయస్కాంతం

పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్ విప్పితే ఒక మూలన నెలవంక ఆకారంలో మెరిసే బిళ్లలు కనిపిస్తాయి. వాటి మధ్య వేలు పడితే చర్మం కందిపోతుంది. ఆ మెరుపు నికెల్ పూతది. అంచు విరిగితే లోపల ముదురు బూడిద రంగు బయటపడుతుంది, తేమ తగిలితే తుప్పుపట్టి పొడిగా రాలుతుంది. నియోడైమియం, ఇనుము, బోరాన్ కలిసిన ఈ బిళ్లను మించిన బలమైన శాశ్వత అయస్కాంతం నేటికీ మార్కెట్లో లేదు.

నియోడైమియం 1885లో వియన్నాలో బయటపడింది. అంతవరకు ఒకే మూలకం అనుకున్న డిడిమియాన్ని కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ రెండుగా విడదీశాడు. చాలాకాలం దాన్ని గాజుకు ఊదా రంగు తేవడానికి వాడారు. 1961లో లేజర్లలోకి వచ్చింది. శుక్లం ఆపరేషన్ అయ్యాక మళ్లీ మసక కమ్మితే కంటి డాక్టర్లు చేసే యాగ్ లేజర్ చికిత్సలో వెలుగునిచ్చేది ఈ లోహపు అయాన్లే.

అయస్కాంతం కథ జపాన్‌లో మొదలైంది. 1970లలో అన్నిటికన్నా బలమైనవి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. 1978లో కోబాల్ట్ గనులున్న ఆఫ్రికా దేశం జైర్‌లో యుద్ధం రేగి కోబాల్ట్ ధర చుక్కలనంటింది. చౌకగా దొరికే ఇనుముతో ఎందుకు కుదరదని ఫుజిత్సు కంపెనీలో పనిచేస్తున్న మసాటో సగావా ఆలోచిస్తున్నాడు. ఆ ఏడాదే ఒక సదస్సులో ఆయనకు కారణం తెలిసింది: సమేరియం వంటి లోహాలను ఇనుముతో కలిపిన మిశ్రమాల్లో ఇనుము పరమాణువులు మరీ దగ్గరగా ఇరుక్కుంటాయి. మధ్యలో బోరాన్ లాంటి చిన్న పరమాణువును దూరిస్తే ఎడం పెరుగుతుందని ఆయన ఊహ. తీరా బోరాన్ చేసిన పని వేరు. అది సరికొత్త స్ఫటికాన్నే నిలబెట్టింది. ఊహ తప్పినా ప్రయోగం ఫలించింది; ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టమిదే.

1982లో సగావా సుమిటోమో స్పెషల్ మెటల్స్‌లో చేరి నెలల్లోనే నియోడైమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతం చేసి చూపించాడు. అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ మరో పద్ధతిలో అదే మిశ్రమానికి చేరాడు. 1983లో పిట్స్‌బర్గ్ సదస్సులో ఇద్దరి ఫలితాలూ వెలుగు చూశాయి.

సగావా పద్ధతిలో మిశ్రమాన్ని కొన్ని మైక్రాన్ల పొడిగా నూరి, అయస్కాంత క్షేత్రంలో ఉంచితే రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. అలాగే అదిమి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో గట్టిపరుస్తారు. వేడెక్కితే పట్టు సడలడం ఈ అయస్కాంతం బలహీనత. అందుకే విద్యుత్ కార్ల మోటార్లలో వాడేవాటికి డిస్ప్రోసియం అనే మరో లోహాన్ని కొద్దిగా కలుపుతారు.

భూమి పొరలో నియోడైమియం సీసం కన్నా ఎక్కువే. కష్టమంతా విడదీయడంలో ఉంది. నియోడైమియం చేరే రేర్ ఎర్త్ కుటుంబపు లోహాలు ఒకే ఖనిజంలో కలిసి ఉంటాయి, రసాయన గుణాలూ దాదాపు ఒకటే. ద్రావణాలతో మళ్లీమళ్లీ కడిగి వేరుచేసే ఆ పనిలో చైనా ఆరితేరింది. 2025 ఏప్రిల్‌లో అది డిస్ప్రోసియం వంటి ఏడు లోహాలపైనా, వాటితో చేసే అయస్కాంతాలపైనా ఎగుమతి ఆంక్షలు పెట్టగానే వాహన కంపెనీలకు దిక్కుతోచలేదు.

మన దేశంలోని మోనజైట్ ఖనిజ నిల్వల్లో పెద్ద వాటా ఆంధ్ర తీరపు ఇసుకదే. నియోడైమియం అందులో ఉంది, రేడియోధార్మిక థోరియమూ ఉంది. అందుకే తవ్వకంపై అణుశక్తి శాఖ అదుపు. విశాఖలో ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ కర్మాగారం చేసేది సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. నియోడైమియం రకాల కర్మాగారాల కోసం కేంద్రం 2025 నవంబరులో 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఇసుక మనది, ఈ విద్య తెలిసిన ప్రయోగశాలలు హైదరాబాద్‌లో ఉన్నాయి. తీరాన్నీ, తీరవాసులనూ కాపాడుకుంటూ ఆ కర్మాగారాల్లో ఒకటైనా ఇక్కడికి వచ్చేలా మన ప్రభుత్వాలు పట్టుబట్టాలి.