సాఫ్ట్‌వేర్ శిక్షణకు పోవు యువజనులు - మార్చుకొనవలసిన అలవాట్లు

డిగ్రీగాని, ఇంజనీరింగుగాని ముగించి, సాఫ్ట్‌వేర్ శిక్షణకై హైదరాబాదునకు పోవు యువతీ యువకులు నేడు మన గ్రామములలో అనేకులు కలరు. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న వీధులలో జావా, పైథాన్ మొదలగువానిని కొలది మాసములలో నేర్పు శిక్షణాలయములు బారులు తీరియున్నవి. పోయినవారిలో కొందరు గడువు ముగియకమునుపే మానుకొని ఇల్లు చేరుదురు. రుసుమునకును, హాస్టలునకును, ల్యాప్‌టాప్‌నకును తల్లిదండ్రులు చేసిన అప్పు మాత్రము నిలిచియుండును. "మావానికి తెలివి చాలలేదు" అని ఇంటివారు సమాధానపడుదురు. ఇది సరియైన నిర్ణయము కాదని మా అభిప్రాయము. పలువురి విషయమున లోపించినది తెలివి కాదు, ఈ విద్యకు తగిన దినచర్య.

ఇది పంచాయతీకి సంబంధింపని విషయమని సభ్యులు తలపరాదు. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య వానిలో నొకటి, గ్రంథాలయములు మరియొకటి.

కళాశాల చదువునకును ఈ శిక్షణకును గల భేదమును మొదట గ్రహింపవలెను. కళాశాలలో సంవత్సరమంతయు ఊరకయుండి, పరీక్షకు పదిదినములముందు మేల్కొనినను ఎట్లో గట్టెక్కవచ్చును. ఇచ్చట నిన్నటి పాఠముపై నేటి పాఠము నిలిచియుండును. ఒకే పనిని కంప్యూటరుచే మరల మరల చేయించు పద్ధతిని సోమవారమున నేర్పుదురనుకొనుడు. అది పట్టుబడనివానికి బుధవారమునుండి బోధకుని మాటలు చెవిని పడును గాని మనసునకెక్కవు.

మార్చుకొనవలసినవానిలో ముఖ్యమైనది చూచి వ్రాసికొను అలవాటు. చిన్ననాటినుండి మన పిల్లలు నల్లబల్లపై నున్నదానిని నోటుపుస్తకములోని కెక్కించి, దానిని వల్లెవేసి ఉత్తీర్ణులైనవారు. బోధకుడు తెరపై ప్రోగ్రాము వ్రాసి చూపునంతసేపు అంతయు తెలిసినట్లే యుండును. గట్టుపై నిలిచి దుక్కి చూచినవానికి నాగలి పట్టుట వచ్చినదనుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. గదికి పోయి, పుస్తకము మూసి, అదే సమస్యను తానుగా వ్రాయబూనినప్పుడుగాని తెలియనిది బయటపడదు. గంటసేపు పాఠము వినినవాడు రెండు గంటలైనను స్వయముగా వ్రాయవలెనని మా సలహా. ఆనాటి పాఠమును ఆనాడే తిరుగవేయుటయు అవసరము. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకొని, నేర్చినదానిలో అధికభాగము మొదటి దినముననే మరపునకు వచ్చుననియు, అటుపిమ్మట మరపు నెమ్మదించుననియు 1885లో ప్రకటించెను. మరుసటి దినమున ఒకసారియు, వారము దినములకు మరియొకసారియు చూచుకొనిన, ఒకే రాత్రి అయిదుసార్లు చదువుటకంటె మేలు.

ఇటీవల కృత్రిమ మేధ సాధనములు అడిగినదే తడవుగా ప్రోగ్రాము వ్రాసి ఇచ్చుచున్నవి. వానిని నిషేధింపుడని మేము చెప్పము. కాని తాను ప్రయత్నింపకమునుపే వానిని అడుగువాడు నేర్చుకొనుటలేదు; అతని బదులు యంత్రము పని చేయుచున్నది, అంతే.

రెండవది తప్పునకు భయపడుట. జావాలో వాక్యము చివర నుంచవలసిన చిన్న గుర్తును మరచినను ప్రోగ్రాము నడువదు. తెరపై ఆంగ్లవాక్యములు వరుసగా వచ్చి నిలుచును. తెలుగు మాధ్యమమున చదివినవారు దీనిని చూచి బెదరి, తమకీ విద్య రాదనుకొందురు. ఇరువదేండ్ల అనుభవము గలవారికిని ఇది నిత్యము జరుగునదే. ఆ వాక్యములు తిట్లు కావు, ఆనవాళ్లు. పైథాన్‌లో సాధారణముగా చివరి పంక్తి తప్పు ఎట్టిదో చెప్పును. దాని పైని పంక్తులు అది ఎచ్చట జరిగినదో సంఖ్యతో చూపును. చివరి పంక్తినుండి పైకి చదువుట అలవాటైనచో భయము సగము తీరును.

పెద్దలయెదుట మౌనముగా నుండుట మన ఊళ్లలో వినయము. శిక్షణాలయమున అదియే చేటు తెచ్చును. అరగంటసేపు తాను ప్రయత్నించియు దారి తోచనిచో సిగ్గుపడక అడుగవలెను. అడుగుటకును ఒక విధము కలదు: నేను చేయదలచినది ఇది, చేసినది ఇది, జరిగినది ఇది అని మూడు మాటలలో చెప్పవలెను. ఇట్లు చెప్పబోవునంతలోనే పలుమారులు తప్పు తనంతట తానే కనబడును.

నిద్ర విషయమున పల్లెటూరివారికి ఒక ఆస్తి కలదు. వేకువనే లేచుట వారికి సహజము. హాస్టలులో చేరిన నెలలోపలనే రాత్రి రెండు గంటలవరకు మేల్కొనుట, ఉదయపు తరగతిలో కునుకుట మొదలగును. నేర్చినది మనసున కుదురుకొనుటకు నిద్ర అవసరము. కనుక ఏడెనిమిది గంటల నిద్రను తగ్గించి చదువుట లాభము కాదు. మంచముపై పండుకొని ల్యాప్‌టాప్ చూడరాదు. ప్రతి 20 నిమిషములకు ఒకసారి 20 అడుగుల దూరముననున్న వస్తువును 20 సెకండ్లు చూచినచో కండ్ల బడలిక తగ్గును. అభ్యాసవేళ సెల్‌ఫోను వేరొక గదిలో నుండుట మంచిది.

ఇక ఇంటివారి అలవాట్లు. పెండ్లి, జాతర, కోతలు అని పిల్లలను మాటిమాటికి పిలిపింతురు. మూడు నెలల శిక్షణలో ఒక వారము పోయిన పదుమూడింట నొకపాలు పోయినట్లే. అంతేకాక తరువాతి వారములు అర్థముకాక పోవును. ఈ మాటను తల్లిదండ్రులకు నచ్చజెప్పగలవారు ఊరిపెద్దలే. రుసుము చెల్లించుటకు ముందు ఒకటి రెండు పాఠములు విని చూడవలెననియు, రశీదు తీసికొనవలెననియు, ఉద్యోగము చూపింతుమని ముందుగా సొమ్మడుగువారిని నమ్మరాదనియు వారికి చెప్పవలెను.

పంచాయతీ చేయదగిన పని మరియొకటి కలదు. ఊరినుండి బయలుదేరుటకు నెలముందే ఈ అలవాట్లను ఊరిలోనే ప్రారంభింపవచ్చును. పైథాన్‌కు వెలలేదు, స్వయం, ఎన్‌పీటెల్ పాఠములును ఉచితముగా వినవచ్చును. గ్రంథాలయములోనో, పంచాయతీ కార్యాలయములోనో ఒక గది, రెండు బల్లలు, విద్యుత్తు, ఇంటర్నెట్టు కల్పించి, సాయంకాలము రెండు గంటలు అభ్యాసమునకు విడువవచ్చును. ఇంటిపనులనడుమ చోటుగాని తీరికగాని దొరకని ఆడపిల్లలకు ఇది మిక్కిలి ఉపకరించును. వారికై వేళను చీకటిపడకమునుపే నిర్ణయింపవలెను. గది తాళపుచెవి ఎవరివద్ద నుండునో, విద్యుత్తు బిల్లు ఏ పద్దునుండి చెల్లింపబడునో తీర్మానములోనే స్పష్టముగా వ్రాసికొనవలెను.