వలలో చిక్కిన తిమింగల సొర: చంపే హక్కు, విడిచే ఖర్చు

తెలంగాణకు సముద్రతీరం లేదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, ఒక పక్క పటాన్‌చెరు పారిశ్రామికవాడ విస్తరిస్తుండగా మరో పక్క పత్తి, మొక్కజొన్న పండించుకునే రైతుకు సొరచేపతో పనేమిటని అనిపించవచ్చు. అయితే కంకి పాలు పోసుకునే దశలో చేలో పడే అడవిపంది ఆ రైతు ముందు ఉంచే ప్రశ్ననే బంగాళాఖాతంలో వల లాగే మత్స్యకారుని ముందు తిమింగల సొర ఉంచుతుంది. జీవనాధారానికి నష్టం కలిగించిన పెద్ద జంతువును చంపవచ్చునా? చంపరాదంటే ఆ నష్టాన్ని ఎవరు భరించాలి? రెండవ ప్రశ్నను పక్కన పెట్టి మొదటి దానిపై తీర్పు చెప్పడం మన చర్చలలో తరచుగా కనిపించే లోపం.

2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపంలోని తంతడి తీరంలో మత్స్యకారుల వలకు ఒక తిమింగల సొర చిక్కింది. బరువు సుమారు రెండు టన్నులని అంచనా వేశారు. అటవీశాఖ సిబ్బంది, వన్యప్రాణి సంరక్షకులు, స్థానిక మత్స్యకారులు కలిసి దానిని సజీవంగా సముద్రంలోకి మళ్లించారు. అంతకు రెండు దశాబ్దాల ముందు ఇదే చేప గుజరాత్ తీరంలో కనిపించి ఉంటే దాని గతి వేరుగా ఉండేది.

పేరులో తిమింగలం ఉన్నా ఇది క్షీరదం కాదు, చేపే. చేపలన్నింటిలోనూ పెద్దది, సుమారు 18 మీటర్ల వరకు పెరుగుతుంది. నోటిలో వేలకొద్దీ పళ్లున్నా అవి అతి చిన్నవి. ప్లవకాలను, చిన్న చేపలను నీటితో పాటు లోనికి తీసుకుని మొప్పల వద్ద వడకట్టుకుంటుంది. మనిషిని వేటాడదు. నిదానంగా, తరచు నీటి ఉపరితలానికి దగ్గరగా ఈదుతుంది గనుక వేటగానికి సులువుగా దొరుకుతుంది.

గుజరాత్‌లోని వెరావల్ పరిసరాలలో 1990వ దశకం చివరినాటికి ఈ వేట పెద్ద వ్యాపారమైంది. కాలేయపు నూనెను పడవల చెక్కకు నీరు పట్టకుండా పూసేవారు. మాంసం తైవాన్ వంటి దేశాలకు ఎగుమతి అయ్యేది. పెద్ద కొక్కేన్ని చేప శరీరంలోకి దించి, దానికి తాళ్లతో పీపాలు కట్టి, ఆ పీపాలను లాగలేక చేప అలసిపోయే దాకా వెంబడించేవారు. అందుకే అక్కడి మత్స్యకారులు దీనిని ‘బ్యారెల్’ అని పిలిచేవారు. చంపడం ఒక ఎత్తు, చంపే తీరు మరో ఎత్తు. ఈ పద్ధతిలో బాధ దీర్ఘమైనదని వేరుగా నిరూపించనక్కరలేదు. మైక్ పాండే 2000లో నిర్మించిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ చిత్రం ఈ దృశ్యాలను దేశం ముందు ఉంచింది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చింది.

అదే ఏడాది జూలైలో సొరలు, టేకులు మొదలైన మృదులాస్థి చేపలన్నింటినీ ప్రభుత్వం అదే షెడ్యూలులోకి తెచ్చింది. మత్స్యకారుల నుండి తీవ్ర వ్యతిరేకత రావడంతో డిసెంబరు నాటికి జాబితాను పది జాతులకు కుదించింది. దీనిని ప్రభుత్వం వెనుకంజ వేయడంగా చూసినవారు లేకపోలేదు. అన్ని సొరలనూ ఒకే గాటన కట్టడం శాస్త్రీయంగానూ సరికాదు. కోస్తా ఇళ్లలో సొరపుట్టు నిత్య పరిచితమైన వంటకం. బాలింతకు పాలు పడతాయని పాలసొర కూర పెట్టడం ఆచారం. పాలసొర చిన్న చేప, కొద్ది సంవత్సరాలలోనే ఈనుతుంది. తిమింగల సొర ఈడుకు రావడానికి పాతికేళ్లకు పైగా పడుతుందని అంచనా. 1995లో తైవాన్ వద్ద చిక్కిన ఒక ఆడ చేప గర్భంలో సుమారు 300 పిండాలు కనిపించిన మాట నిజమే. కాని ఆ దశకు చేరుకున్న తల్లిని చంపితే, దాని స్థానంలోకి మరొకటి రావడానికి ఒక తరం రైతు జీవితకాలం గడిచిపోతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2016లో దీనిని ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది.

అడవిపంది విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. ఏడాది, ఏడాదిన్నరకే ఈడుకు వస్తుంది, ఒక ఈతకు నాలుగు నుండి ఆరు పిల్లలను పెడుతుంది. అందుచేత పంటకు హాని చేసే పందులను ప్రభుత్వ అనుమతితో తొలగించే వెసులుబాటు తెలంగాణలో ఉండడం, తిమింగల సొరకు ఆ వెసులుబాటు ఏ రాష్ట్రంలోనూ లేకపోవడం పరస్పర విరుద్ధం కావు. అయితే అనుమతి ఉన్నచోట కూడా పద్ధతి ప్రశ్న మిగులుతుంది. చేను చుట్టూ దొంగచాటుగా కట్టే కరెంటు తీగ పందిని, పశువును, మనిషిని వేరు చేసి చూడదు. పొలం చుట్టూ కుసుమ లేదా ఆముదం వరుసలు వేయడం, గంధకం, పందికొవ్వు నూనె పట్టించిన కొబ్బరి తాళ్లను కట్టడం వంటి పద్ధతులను రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు రైతులకు సూచిస్తున్నారు. వీటికి శ్రమ ఉంది, ఖర్చు ఉంది. ఆ రెండూ నేడు రైతువే.

ఈ ఖర్చు విషయంలో గుజరాత్ అనుభవం పరిశీలించదగినది. 2004లో మొదలైన ప్రచారంలో మొరారీ బాపు ఈ చేపను పురుటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చారు. ‘బ్యారెల్’ కాస్తా ‘వ్హాలీ’, అంటే ప్రియమైనది, అయింది. పోలిక మత్స్యకారుల మనసుకు తాకింది. అయినా ఆప్యాయతతోనే వల తిరిగి రాదు. చేపను విడిపించడానికి కోసిన వలకు 25,000 రూపాయల వరకు పరిహారం ఇచ్చే ఏర్పాటు తోడైన తరువాతే మార్పు నిలదొక్కుకుందని భావించడం సమంజసం. విడుదలను తామే చిత్రీకరించేందుకు మత్స్యకారులకు కెమెరాలు కూడా ఇచ్చారు. అధికారి వచ్చి చూసే దాకా చేపను వలలో ఆపనవసరం లేకుండా ఆ ఛాయాచిత్రమే సాక్ష్యమైంది. అప్పటి నుండి వందల చేపలు ప్రాణాలతో సముద్రంలోకి తిరిగి వెళ్లాయి. పంట నష్టం నమోదుకు సిబ్బంది రాక కోసం రోజుల తరబడి ఎదురుచూసే మెట్ట ప్రాంత రైతుకూ ఇటువంటి ఏర్పాటు పనికివస్తుంది.

ఈ ఏర్పాటులోనూ ఒక వెలితి ఉంది. వెరావల్ మరపడవలపై పనిచేసేవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వలస వెళ్లిన తెలుగు మత్స్యకారులు ఎందరో ఉన్నారు. వల కోసే కత్తి చాలాసార్లు వారి చేతిలోనే ఉంటుంది. పరిహారం దెబ్బతిన్న వలకు లెక్కగట్టినది. ఆ వలలోంచి జారిపోయిన చేపకు, ఆనాడు ఆగిన వేటకు అందులో చోటు లేదు. తూర్పు తీరంలో ఇటువంటి పథకం రూపొందించేటప్పుడు, వల యజమానితో పాటు పడవలోని కళాసీకి కూడా ఆ రోజు కూలి చేర్చాలి.