విహారనౌకను రూపొందించు విద్య

ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా చెంత లంగరు వేసియుండు తెల్లని తెరచాప నౌకలను మన పిల్లలు చూచియే యుందురు. యాట్ అనబడు ఈ విహారనౌకలు ధనికుల వినోదమునకు మాత్రమే సంబంధించినవని మనము తలచుట పరిపాటి. అయినను వాని రూపకల్పన యెట్లు జరుగునో విచారించినచో, మన పాఠశాలలో తెలుగున బోధింపబడు గణిత, భౌతికశాస్త్ర పాఠములే దానికి పునాదులని తేటపడును. ఈ సంగతిని తల్లిదండ్రులకు విన్నవించుటయే మా యుద్దేశము.

మొదటి సూత్రము ఆర్కిమెడీసుది. తేలు వస్తువు తన బరువునకు సమమైన బరువుగల నీటిని తొలగించును. సముద్రజలము ఘనమీటరునకు ఇంచుమించు 1,025 కిలోగ్రాములు తూగును. కావున 5 టన్నుల నౌక నీటిలో సుమారు 4.9 ఘనమీటర్ల చోటు నాక్రమింపవలెను. మనుష్యులు, మంచినీరు, ఇంధనము, లంగరు మొదలగు ప్రతిదాని బరువును పట్టికలో వ్రాయనిదే నౌక యెంత మునుగునో చెప్పుటకు వీలులేదు.

తేలినంత మాత్రమున చాలదు. ఒరిగిన నౌక మరల నిటారుగా నిలువవలెను. నౌక బరువు గరిమనాభి గుండా క్రిందికి లాగును. నీటి ఊర్ధ్వబలము మునిగిన భాగపు మధ్యబిందువు గుండా పైకి నెట్టును. నౌక ఒరిగినపుడు మునిగిన భాగపు ఆకారము మారి, ఊర్ధ్వబలము ఒరిగిన వైపునకు జరుగును. గరిమనాభి తగినంత క్రిందుగా నున్నచో ఈ రెండు బలములు కలిసి నౌకను తిరిగి నిలబెట్టును. మిక్కిలి మీదుగా నున్నచో అవియే దానిని పడద్రోయును. అందువలననే అనేక తెరచాప నౌకలకు అడుగున కీల్ అనబడు ఫలకమును దించి, దానియందు సీసమో ఇనుమో నింపుదురు. పెక్కు నౌకలలో ఈ బరువు మొత్తములో మూడవవంతు వరకు నుండును.

ఈ లెక్క తెలియనందున కలిగిన అనర్థమునకు స్వీడను దేశపు వాసా యుద్ధనౌక నిదర్శనము. అది 64 ఫిరంగులను మోయునట్లు నిర్మింపబడినది. బయలుదేరుటకు ముందు 30 మంది మనుష్యులను దాని పైతట్టున ఇటునటు పరుగెత్తించి చూడగా, నౌక భయంకరముగా నూగెను. పరీక్ష నాపివేసిరి గాని నౌకను సరిదిద్దలేదు. 1628 ఆగస్టు 10వ తేదీన స్టాక్‌హోమ్ రేవున తొలి ప్రయాణముననే, సుమారు 1,300 మీటర్లు సాగి, గాలి విసురునకు ఒరిగి మునిగిపోయెను. ఒరిగిన నౌక నిలుచునో లేదో ముందుగా లెక్కించు పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడగు పియర్ బూగేర్ 1746లో గ్రంథరూపమున వివరించెను.

వేగమునకును ఒక హద్దు కలదు. నౌక సాగునపుడు అలలను పుట్టించును. వేగము పెరిగినకొలది అల పొడవగును. అది నీటిమట్టమున నౌక పొడవుతో సమమైనపుడు నౌక తన యలల నడుమనే చిక్కుకొనును. పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34తో గుణించినచో ఈ హద్దు నాట్‌లలో వచ్చును. 25 అడుగుల నౌకకు 6.7 నాట్‌లు, 36 అడుగుల నౌకకు 8 నాట్‌లు. తేలికయై నీటిపై జారిపోవు పడవలకు ఈ హద్దు వర్తింపదు. ఇంగ్లండున విలియమ్ ఫ్రూడ్ 1870ల యందు చిన్న నమూనాలను నీటితొట్టిలో లాగించి, వానినిబట్టి పెద్ద నౌకల నిరోధమును అంచనా వేయు మార్గమును స్థాపించెను.

ఇక రూపకల్పన క్రమము. నౌక యెందరికి, ఏ జలములలో, ఎంత వ్యయముతో అను ప్రశ్నలతో పని మొదలగును. పిదప పొడవు, వెడల్పు నిర్ణయించి, ప్రక్కనుండి, పైనుండి, ముందునుండి చూచినట్లు మూడు చిత్రములు గీయుదురు. అడ్డుకోతల వైశాల్యములను బట్టి ఘనపరిమాణము లెక్కింతురు. అంతటితో పని ముగియదు. వేగమునకై తెరచాపకొయ్యను ఎత్తు చేసినచో గరిమనాభి పైకి జరుగును. దానిని దించుటకు అడుగుబరువు పెంచవలెను. బరువు పెరిగిన నౌక లోతుగా మునుగును. అప్పుడు ఆకారమునే మరల గీయవలెను. ఇట్లు ఒక చుట్టు తిరిగి మరియొక చుట్టు తిరుగుచు, ప్రతి చుట్టులోను తప్పులు తగ్గించుకొనుచు పోవుదురు. నేడు కంప్యూటరు ఈ లెక్కలను క్షణములో చేయును. కాని దేనిని మార్చిన ఏది మారునో మనుష్యుడే ఎరుగవలెను.

ఇట్టి విద్యలన్నియు ఆంగ్లముననే యున్నవి, తెలుగు చదువు వీనికి అడ్డుకాదా యని కొందరు తల్లిదండ్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. పైచదువుల గ్రంథములు ఆంగ్లమున నుండుట నిజమే. ఆ భాషను మన పిల్లలు శ్రద్ధగా నేర్వవలెను. అయితే పారిభాషిక పదములను తరువాతనైన నేర్వవచ్చును. బరువు మీదనున్న పడవ యేల బోల్తాపడునను ప్రశ్న, దాని సమాధానము మాత్రము బాలుడు సంకోచము లేక ‘ఎందుకు?’ అని యడుగగల భాషలోనే మనస్సున నాటుకొనును. ఖరగ్‌పూర్, మద్రాసు ఐ.ఐ.టి.ల యందును, కొచ్చిన్ విశ్వవిద్యాలయమునందును నౌకారూపకల్పన బోధింపబడుచున్నది. అచ్చటికి చేరగోరువారికి మొదట కావలసినది ఈ అవగాహనయే.

ఇంటిలో ఒక ప్రయోగము చేయింపుడు. మూతగల ఖాళీ డబ్బాలో కొంత ఇసుక పోసి బకెట్టు నీటిలో నిలువుగా తేల్చుడు. తరువాత ఆ ఇసుకనే మూటకట్టి డబ్బా మూతపై నుంచి చూడుడు. మొత్తము బరువు మారకున్నను డబ్బా ఒరిగిపోవును. కారణమును మీరు చెప్పవలదు; పిల్లవానిచేతనే చెప్పింపుడు. మొదటి సమాధానము తప్పైనచో మందలింపక, మరల ఆలోచింపనిండు. నౌకారూపకర్తలు నిత్యము చేయు పనియు అదియే.